వార్సా నగరమున చరిత్రకారుని వృత్తి

చరిత్రగమనమునకు గల నియమములు తమకు సంపూర్ణముగ తెలిసినవనియు, ఆ నియమములు తమ పక్షముననే పనిచేయుచున్నవనియు ప్రకటించుకొనిన ప్రభుత్వము క్రింద చరిత్రకారుడై బ్రదుకుట యెట్టిదో తెలిసికొనగోరువారు 1945 మొదలు 1989 వరకు గల పోలండ్ దేశమువైపు చూడవలయును. ఆ కాలమున అచ్చటి పండితులలో కొందరు మౌనము వహించిరి, కొందరు లొంగిపోయిరి, కొందరు దేశము విడిచి వెళ్లిరి, మరికొందరు సుదూర శతాబ్దములనుగూర్చి వ్రాయుచు తమ వృత్తిని చెడనీయక కాపాడుకొని, అవసరము వచ్చిననాడు గ్రంథాలయమునుండి లేచి శ్రామికుల నడుమకు నడచిరి. ఆ తుదివారిలో అగ్రగణ్యుడు బ్రోనిస్వాఫ్ గెరెమెక్. మధ్యయుగపు పారిస్ నగరమందలి బిచ్చగాండ్రను, దొంగలను, దినకూలీలను అధ్యయనము చేసిన ఈ పండితుడు తరువాత గ్దాన్‌స్క్ ఓడనిర్మాణశాలలోని సమ్మెదారులకు సలహాదారుడై, చెరసాల చూచి, తుదకు స్వతంత్ర పోలండ్‌కు విదేశాంగమంత్రి యయ్యెను. ఆయన పదవులనుగూర్చి వ్రాసినవారు పెక్కురు కలరు. ఆయనయు, ఆయన తోడి చరిత్రకారులును సాధన చేసిన ఒక విద్యనుగూర్చి మాత్రమే నేను వ్రాయదలచితిని. అధికారి తన యవసరమునకై వ్రాసికొనిన కాగితమునుండి అధికారములేని మానవుని మాటను వేరుపరచి వినుటయే ఆ విద్య.

యుద్ధము ముగియునప్పటికి ఆ దేశమున చరిత్రరచనకు కావలసిన మూలద్రవ్యమే భస్మమైపోయి యుండెను. 1944 ఆగస్టు 1వ తేదీన జర్మను ఆక్రమణదారులపై తిరుగబడిన వార్సా నగరము రెండు మాసములు పోరాడి లొంగిపోగా, విజేతలు వీధి వెంబడి వీధిని తగులబెట్టుచు కూల్చివేసిరి. పాతబస్తీలోని ప్రాచీన లిఖితభాండాగారము ఆ పోరాటమధ్యముననే అగ్నికి ఆహుతి కాగా, శతాబ్దములనాటి రాజశాసనములును, న్యాయస్థానముల దస్త్రములును, ఖజానా లెక్కలును బూడిద యయ్యెను. లొంగుబాటు జరిగిన పిమ్మట, వేర్వేరు గ్రంథాలయములనుండి తెచ్చి క్రాసిన్‌స్కి భవనమున భద్రపరచిన వ్రాతప్రతులకు అక్టోబరులో నిప్పుపెట్టిరి. అయితే ఆ నగరముననే, యూదులను నిర్బంధించిన పేట శిథిలముల క్రింద, వేరొక భాండాగారము మట్టిలో దాగియుండెను. ఇమాన్యుయెల్ రింగెల్‌బ్లూమ్ అను చరిత్రకారుడు ఆ నిర్బంధమందే రహస్యముగ ఒక బృందమును కూర్చి, రొట్టెల కూపనులు, ప్రకటనపత్రములు, ఉత్తరములు, బాలుర వ్యాసములు, చావుల వివరములు సేకరించి పాతిపెట్టించెను; 1946లో పది రేకుపెట్టెలును, 1950లో రెండు పాలక్యానులును బయటపడెను. నీరు చొచ్చిన ఆ పెట్టెలలో అక్షరములు అలికిపోయిన కాగితములు సైతము కలవు. రింగెల్‌బ్లూమ్‌ను జర్మనులు 1944లో చంపిరి. అదే నిర్బంధమునుండి బ్రతికి బయటపడిన మర్యాన్ మావోవిస్ట్ యుద్ధానంతరము వార్సా విశ్వవిద్యాలయమున ఆచార్యుడై ఒక తరమువారికి ఆర్థికచరిత్రను నేర్పెను. చంపబడబోవువారు సైతము తమనుగూర్చి పత్రములు కూర్చిపెట్టిన పట్టణమున చరిత్ర యనునది పరీక్షల కొరకు చదువు పాఠ్యవిషయము కానేరదు.

గెరెమెక్ 1932 మార్చి 6వ తేదీన ఆ నగరముననే యూదుకుటుంబమున జన్మించెను. తండ్రి ఆష్‌విట్జ్‌లో హతుడయ్యెను. బాలుడును తల్లియు 1943లో నిర్బంధపు పేటనుండి తప్పించుకొనగా, స్తెఫాన్ గెరెమెక్ అను సజ్జనుడు వారికి ఆశ్రయమిచ్చి, పిమ్మట ఆ తల్లిని వివాహమాడెను. బాలుడు ఆయన ఇంటిపేరునే ధరించెను. ఇట్టి బాల్యమునుండి వచ్చిన యువకుడు, ఫాసిజమును ఓడించిన శక్తి యేదియో దానినే నమ్మి, 1950లో కమ్యూనిస్టుపార్టీలో చేరుటలో ఆశ్చర్యమేమియు లేదు. ఆయన అభిమానులలో కొందరు ఈ భాగమును దాటవేయుదురు. దాటవేయుట న్యాయము కాదని నా యభిప్రాయము. పదునెనిమిది సంవత్సరములపాటు ఆయన ఆ పార్టీ సభ్యుడు. చదువుకొనిన యువకులలో పెక్కురు భయము చేత గాక విశ్వాసము చేత చేరిన కాలమది.

ఆ విశ్వాసము చరిత్రవృత్తినుండి కోరినదేమో 1951 డిసెంబరు తుదినుండి 1952 జనవరి వరకు వార్సా సమీపమున ఒత్‌వొత్స్క్ పట్టణమున జరిగిన సభ తెల్పినది. చలికాలపు నడుమ రెండువారములపాటు దేశమందలి ప్రముఖ చరిత్రకారులను ఒకచోట చేర్చి, సోవియట్ పండితుల సమక్షమున, పోలండ్ గతమును ఇకమీదట ఏయే యుగములుగ విభజింపవలయునో, ఏయే వర్గముల పోరాటముగ వివరింపవలయునో చర్చించిరి. అచ్చట కూర్చున్నవారిలో తదేవుష్ మాన్‌తోయిఫెల్ ఒకడు. 1920లో బోల్షివిక్ సేనలతో జరిగిన యుద్ధమున కుడిచేయి పోగొట్టుకొనినవాడు. జర్మను ఆక్రమణకాలమున రహస్యముగ విశ్వవిద్యాలయపు పాఠములు చెప్పించినవాడు. అట్టివానినే 1953లో నూతనముగ స్థాపించిన విజ్ఞానపరిషత్తు చరిత్రసంస్థకు అధ్యక్షుని చేయవలసివచ్చెను. ఏలయనగా, పార్టీకి విశ్వాసపాత్రులైన యువకులు కలరు గాని, లాటిన్ దస్త్రము చేతికిచ్చిన చదువగలవారు వారిలో తక్కువ. ప్రభుత్వము నాయకత్వమును కోరెను, వృత్తి తెలిసినవారు ప్రమాణమును నిలిపిరి, ఈ రెంటి నడుమ కుదిరిన బేరముపైననే ఆ సంస్థ నడచెను. ఆ బేరమున వారు పోగొట్టుకొన్నదియు లేకపోలేదు: ఇరువదవ శతాబ్దపు చరిత్ర, ముఖ్యముగ రష్యాతో పోలండ్‌కు గల సంబంధముల చరిత్ర, సత్యముగ వ్రాయదలచినవారికి ఇంచుమించు మూతపడిన క్షేత్రమయ్యెను. అందుచేతనే ఆ దేశపు ఉత్తమ మేధస్సులనేకములు మధ్యయుగమునకును, ధాన్యపు వర్తకమునకును, భూస్వామ్యపు లెక్కలకును తరలిపోయెను. మార్క్స్ సిద్ధాంతము వారికి హాని మాత్రమే చేసెననుటయు పొరపాటు. రాజుల వంశావళులను విడిచి, కొలతలను, కూలిని, ఆకలిని చరిత్రవస్తువులుగ పరిగణించుటకు అది కొంత ప్రేరణ నొసగినమాట సత్యము.

విటోల్డ్ కూలా ఇందుకు నిదర్శనము. కొలపాత్రలను, తూనికలను గూర్చి ఆయన 1970లో ప్రచురించిన గ్రంథమున, ధాన్యమును పాత్ర అంచువరకు కోసివేసి కొలుచుటా, రాశిగా పోసి కొలుచుటా అను వివాదమున ఎన్ని తరముల కృషీవలుల బ్రదుకు చిక్కుకొని యుండెనో చూపించెను. పన్ను పుచ్చుకొను దొర రాశిపోసి కొలిపించుకొనును; ఇచ్చునపుడు కోసి కొలిపించును; పాత్ర మారలేదు, పేరు మారలేదు, రైతు ఇంట గింజలు మాత్రము తరిగెను. ఆయన చేసిన మరియొక కార్యము నా విషయమునకు ఇంకను సమీపమైనది. 1890–91లో బ్రెజిలుకును, అమెరికాకును వలసపోయిన పోలిష్ పల్లీయులు ఇండ్లకు వ్రాసికొన్న ఉత్తరములను, వలస పెరుగునను భయముతో జారుచక్రవర్తి అధికారులు దారిలోనే పట్టి ఉంచిరి. భార్యకు పంపిన టిక్కెట్టు, సంద్రముపై తెచ్చుకొనవలసిన రొట్టెముక్కల సంగతి, పిల్లవాని క్షేమము అడిగిన మాట, ఇవేవియు చేరవలసినవారికి చేరలేదు. అర్ధశతాబ్దమునకు పిమ్మట కూలా వాటిని భాండాగారమున కనుగొని, జర్మను ఆక్రమణకాలమున నకళ్లు వ్రాసికొనెను. మూలములలో పెక్కు 1944లో కాలిపోయెను. నకళ్లు 1973లో అచ్చయ్యెను. ఆ ఉత్తరములను ఆపివేసిన అధికారి హస్తమే వాటిని చరిత్రకు దక్కించెను. ఆయన దానిని కోరి చేయలేదు గనుక ఆయనకు కృతజ్ఞత చెప్పనక్కరలేదు.

1956 అక్టోబరున గొముల్కా అధికారమునకు వచ్చుటతో దేశమున బిగువు కొంత సడలెను. పారిస్‌లో చరిత్రకారుడు ఫెర్నాన్ బ్రొదేల్ పోలిష్ యువపండితులకు ఆదరముతో చోటుకల్పించెను. గెరెమెక్ ఆ యేటనే అచ్చటికి పోయి రెండేండ్లు చదివెను, తిరిగి 1960ల తొలిభాగమున సోర్బాన్‌లోని పోలిష్ సంస్కృతి కేంద్రమును నడిపెను. ఆయన తొలి గ్రంథము మధ్యయుగపు పారిస్ వృత్తిపనులలో కూలికి పనిచేసినవారినిగూర్చినది. సేన్ నదియొడ్డున గ్రేవ్ మైదానమున తెల్లవారుజామునుండియే పనివాండ్రు వచ్చి నిలువగా, మేస్త్రీలు వచ్చి చూచి, బేరమాడి, ఆ దినమునకు కుదుర్చుకొనిపోవుచుండిరి. మన పట్టణములలోని కూలీల అడ్డాను చూచినవారికి ఆ దృశ్యమును వేరుగ వర్ణింపనక్కరలేదు. అచ్చట ఎవరును పిలువని దినములు పెరిగినకొలది మనుజుడు బిచ్చమునకును, బిచ్చమునుండి దొంగతనమునకును ఎట్లు జారునో పరిశోధించుచు, ఆయన 1971లో మధ్యయుగపు పారిస్ నగరపు అంచులలోని జనులపై తన ప్రసిద్ధగ్రంథమును వెలువరించెను.

ఆ గ్రంథమునకు ముఖ్యాధారములలో ఒకటి షాత్‌లే న్యాయస్థానపు నేరముల దస్త్రము. 1389 మొదలు 1392 వరకు ఆ న్యాయస్థానమున విచారింపబడిన ఖైదీల వాఙ్మూలములను అలోమ్ కాష్‌మారే అను గుమాస్తా అందు వ్రాసియుంచెను. ఖైదీని పీటపై కట్టి నీరు త్రాగించి హింసించుట, ఒప్పుకొందునని అతడు కేకవేసినతోడనే విప్పుట, పిదప అలవాటు చొప్పున వంటశాలకు తీసికొనిపోయి నిప్పుదగ్గర చలికాచుకొననిచ్చుట, అటుపై హింస యేమియు లేనిచోట చెప్పినట్లుగా అతని ఒప్పుకోలును నమోదు చేయుట, ఇదియంతయు గుమాస్తా నిర్వికారముగ, పుట తరువాత పుటగా, ఒకే మాటలలో వ్రాసెను. అతని దృష్టిలో ఆ నిప్పే ఒప్పుకోలును చట్టబద్ధము చేయుచున్నది. ఇట్టి దస్త్రమును చదువు చరిత్రకారుడు ప్రతి వాక్యమునను ఇద్దరు మాటలాడుచున్నారని గుర్తింపవలయును: అడిగినవాడు ఒకడు, బదులు చెప్పినవాడు ఒకడు. దొంగ తాను పుట్టిన ఊరిపేరు, నేర్చిన పని, ఏ పంటకోతకు ఏ గ్రామమునకు పోయెనో చెప్పినపుడు అతని స్వరము వినబడును. తాను దుర్మార్గుడనని అలంకారముతో చెప్పినపుడు వినబడునది గుమాస్తా స్వరము. 1953లో కీల్త్సె బిషప్ కాచ్‌మారెక్ వార్సాలో న్యాయాధికారులయెదుట నిలిచి, తాను చేయని నేరములను తన నోటితోనే ఒప్పుకొనగా ఆ మాటలు దేశమంతట ప్రచారమయ్యెను. ఆ కాలమున బ్రదికిన పోలిష్ చదువరికి షాత్‌లే దస్త్రము అతిదూరపు వస్తువుగ తోచియుండదని నేను దృఢముగ నమ్ముచున్నాను. మధ్యయుగము పోలిష్ చరిత్రకారులకు దాగుకొను స్థలమైనదని తరచుగ అందురు. దాగినమాట కొంత నిజమే. కాని దాగినచోటనే వారు విచారణపత్రములను చదువ నేర్చిరి.

ఆనాటి వర్తమానమునకు వచ్చినచో ఏమి వ్రాయవచ్చునో నిర్ణయించినది వార్సాలో మిషా వీధి 5వ నెంబరు భవనమందలి ముద్రణనియంత్రణ కార్యాలయము. గ్రంథములు, పత్రికలు, నాటకములు మాత్రమే గాక, గోడపత్రికలు, మరణవార్తల ప్రకటనలు సైతము దాని అనుమతితోనే అచ్చుపడవలసియుండెను. 1977లో క్రాకోవ్ శాఖలోని ఉద్యోగి తొమాష్ స్త్షిజెవ్‌స్కి ఆ కార్యాలయపు రహస్యాదేశములను స్వీడనుకు దాటించగా, లండనులో అవి గ్రంథముగ వెలువడెను. అందలి ఆదేశమొకటి కాతిన్‌ను గూర్చినది. 1940 వసంతమున సోవియట్ రహస్యపోలీసులు ఇంచుమించు 22,000 మంది పోలిష్ సైనికాధికారులను, ఉద్యోగులను చంపిన ఘోరమునకు సంకేతమైన ఆ అరణ్యపు పేరును ముద్రించుటకు నియమమేమనగా, మృతుని మరణదినమును 1941 జూలైకి పూర్వము చూపరాదు. అనగా జర్మనులు అచ్చటికి వచ్చిన పిమ్మటనే అతడు చచ్చియుండవలయును. తండ్రికి తద్దినపు ప్రకటన వేయించుకొను కుమారుడు ఆ తేదీని మార్చుకొనవలయును, లేదా ప్రకటనను మానుకొనవలయును. ఆ దినములలో మన ప్రాంతమున విశాలాంధ్ర పుస్తకశాలలలో మాస్కోనుండి వచ్చిన తెలుగు పుస్తకములను స్వల్పమూల్యమునకు కొని, ప్రేమతో చదివిన మనవారికి ఆ పుస్తకములలో గోర్కీ దొరకెను, చెకోవ్ దొరకెను. మిషా వీధి సంగతి దొరుకు మార్గము లేకుండెను. ఆ చదువును నేను నిందింపను, అది మనకు చేసిన మేలు చిన్నది గాదు. అయితే ఆ చిత్రమున లోపించిన భాగమును ఇప్పుడైనను పూరించుకొనుట మనకు విధి.

1968 మార్చిలో విద్యార్థుల నిరసనలను అణచివేసిన ప్రభుత్వము, దానికి తోడు యూదుజాతివారిపై బహిరంగముగ ద్వేషప్రచారము సాగించెను. కొవకోవ్‌స్కి మొదలైన ఆచార్యులను విశ్వవిద్యాలయమునుండి తొలగించెను. వేలకొలది యూదులు పౌరసత్వము వదలుకొని దేశము విడిచిరి. ఆ ఆగస్టున చెకొస్లొవేకియాపైకి సేనలు నడువగా గెరెమెక్ పార్టీకి రాజీనామా ఇచ్చెను. దేశము మాత్రము విడువలేదు. పదియేండ్ల పిమ్మట, 1978లో, ప్రభుత్వానుమతి లేకయే ఉపన్యాసములు సాగించు విద్యాసంఘము వార్సాలో ఏర్పడినపుడు ఆయన అందు చేరి బోధించెను. జారుల కాలమున మరియా స్క్లొదొవ్‌స్కా వంటి యువతులు చదువుకొన్న రహస్య విశ్వవిద్యాలయపు పేరునే జనులు దానికి పెట్టిరి. ఎవరి ఇంటిలోనో కుర్చీలు చాలక నేలపై కూర్చున్న యువజనులకు అచ్చువేయబడని చరిత్ర చెప్పబడుచుండెను. పోలీసులు వచ్చి పేర్లు వ్రాసికొనుచుండిరి, గృహస్థునకు జరిమానా పడుచుండెను, కొన్నిమారులు మూకలను పంపి కొట్టించుటయు జరిగెను.

1980 ఆగస్టు 14వ తేదీన గ్దాన్‌స్క్‌లోని లెనిన్ ఓడనిర్మాణశాలలో సమ్మె మొదలయ్యెను. శ్రామికులు తమ కోర్కెలు ఇరువదియొకటిని రెండు ప్లైవుడ్ పలకలపై చేత వ్రాసి ద్వారమునకు తగిలించిరి. అందు వేతనముల మాటయు, మాంసపు సరఫరా మాటయు కలదు; స్వతంత్ర కార్మికసంఘముయొక్కయు, వాక్స్వాతంత్ర్యముయొక్కయు మాట అంతకు ముందే కలదు. సమ్మెయొక్క తొలిదినములలోనే వారు గట్టిగ కోరిన మరియొక వస్తువు స్మారకస్తంభము: 1970 డిసెంబరున ఆ ద్వారముకడనే సైన్యము కాల్చిన తోటి కార్మికులకు గుర్తు నిలుపవలయునని. అన్నముతోపాటు చరిత్రను కోరిన సమ్మెలు లోకమున అరుదు. అరువదినలుగురు మేధావులు చేవ్రాలు చేసిన విజ్ఞప్తిని తీసికొని గెరెమెక్, తదేవుష్ మజోవియెత్స్కి ఇరువురును 22వ తేదీన అచ్చటికి చేరిరి. విజ్ఞప్తి నిచ్చి మరలిపోవలసినవారిని సమ్మెనాయకుడు లెక్ వలేసా పోనీయక, ప్రభుత్వముతో సంప్రదింపులు ముగియువరకు తోడుండుడని కోరెను. వారు నిలిచిరి. ఒడంబడిక పదముల కూర్పులో, ఏ వాక్యము ఏ దినమున ఏ యర్థమిచ్చునో తూచి చూడగల పండితులు శ్రామికులకు కావలసివచ్చిరి. ఆగస్టు 31న ఒడంబడికపై చేవ్రాళ్లు పడెను. డిసెంబరు 16న మూడు ఉన్నత శిలువలతో స్మారకము ఆ ద్వారమెదుట లేచెను. మరుసటి యేడు వచ్చిన చట్టము వలన, నియంత్రణాధికారి కొట్టివేసినచోట చదరపు కుండలీకరణములలో చిన్నగీతలును, చట్టపు నిబంధనసంఖ్యయు ముద్రించు హక్కు పత్రికలకు కలిగెను. కొట్టివేత అచ్చులో మొదటిసారి కంటికి కనబడెను.

1981 డిసెంబరు 13వ తేదీ రాత్రి సైనికశాసనము విధింపబడగా గెరెమెక్‌ను నిర్బంధించి, యావోజె మొదలైన స్థలములలో ఒక సంవత్సరము ఉంచిరి; 1983 మేలో మరల పట్టుకొని, జూలైలో విడిచిరి; 1985లో చరిత్రసంస్థనుండి ఉద్యోగమును తీసివేసిరి. ప్రభుత్వపక్షపు ప్రచారము ఆయన యూదుజన్మమును పదేపదే ఎత్తిచూపెను. ఆ సంవత్సరములలోనే ఆయన దారిద్ర్యమునుగూర్చిన మహాగ్రంథము ఇటలీలోను, ఫ్రాన్సులోను వెలువడి, 1989లో గాని స్వభాషలో వెలువడలేదు. భిక్షకుని ధనికుని మోక్షమునకు సాధనముగ చూచిన లోకము, మహామారి గడచిన పిమ్మట అతనిని పట్టణమునకు శత్రువుగ చూడ నేర్చుట అందలి కథ. పని చేయని దేహదారుఢ్యము గల బిచ్చగాండ్రు మూడు దినములలో పారిస్ విడువవలయుననియు, పట్టుబడినచో తొలుత చెర, మరల పట్టుబడినచో బొండకొయ్య, మూడవసారి నుదుట వాతయనియు 1351 రాజాజ్ఞ విధించెను. దయయు ఉరికొయ్యయు ఒకే ప్రభువు చేతిలోని రెండు పనిముట్లని గెరెమెక్ ఆ గ్రంథమున స్పష్టముగ నిరూపించెను.

1989 ఫిబ్రవరి 6 మొదలు ఏప్రిల్ 5 వరకు ప్రభుత్వమునకును ప్రతిపక్షమునకును జరిగిన గుండ్రబల్ల సమావేశములలో రాజకీయసంస్కరణల చర్చకు ప్రతిపక్షమున ఆయనయే నాయకత్వము వహించెను. జూన్ ఎన్నికలలో, పోటీకి విడిచిన 161 దిగువసభ స్థానములును ఆ సమ్మెనుండి పుట్టిన సాలిడారిటీ కార్మికసంఘమునకే దక్కెను. నూరు సెనేటు స్థానములలో తొంబదితొమ్మిది దక్కెను. 1990 ఏప్రిల్ 11న ముద్రణనియంత్రణ చట్టము రద్దయ్యెను. రెండు దినముల పిమ్మట కాతిన్ హత్యలు తన పోలీసులవేనని సోవియట్ ప్రభుత్వము ఒప్పుకొనెను. 1992–93లో గెరెమెక్ పారిస్‌కు మరలి కొలేజ్ ద ఫ్రాన్స్‌లో సామాజికచరిత్రను బోధించెను. 1997 మొదలు 2000 వరకు విదేశాంగమంత్రిగ నుండెను.

అయినను పత్రములు ఆయనను విడువలేదు. పాత రహస్యపోలీసుల దస్త్రములు జాతీయస్మృతిసంస్థ చేతికి వచ్చిన పిమ్మట, ఆ పోలీసులకు తాము సహకరింపలేదని ఉద్యోగులు, అధ్యాపకులు, పాత్రికేయులు వ్రాసి యీయవలయునని నిర్బంధించు చట్టము 2007లో అమలునకు వచ్చెను. అప్పటికి యూరోపియన్ పార్లమెంటు సభ్యుడైన గెరెమెక్, ఇదివరకే ఇచ్చిన వాఙ్మూలము చాలుననియు, మరల ఈయననియు నిరాకరించెను. పదవి పోవునని హెచ్చరించినను మనస్సు మార్చుకొనలేదు. ఆయన దాచిపెట్టుచున్నాడని కొందరు నిందించిరి. పోలీసు గుమాస్తాలు తమ పైవారి మెప్పునకై వ్రాసికొన్న కాగితములను సందేహింపక సత్యముగ చేకొని, ఆ వ్రాతపై మనుజుల గౌరవమును తూచుట, షాత్‌లే దస్త్రమును కాష్‌మారే వ్రాసినది వ్రాసినట్లు నమ్ముటవంటిదే యని నాకు తోచుచున్నది. ఆ దస్త్రములు చదువదగనివని నా భావము కాదు. ఎట్లు చదువవలయునో తెలిసినవారు చదువవలయును. మే మాసమున రాజ్యాంగన్యాయస్థానము ఆ చట్టములోని ముఖ్యభాగములను కొట్టివేసెను. 2008 జూలై 13న లూబియెన్ గ్రామసమీపమున మోటారు ప్రమాదమున మరణించువరకు గెరెమెక్ ఆ పార్లమెంటులో సభ్యుడుగనే కొనసాగెను.